గుండె గీతలో రంపపు పళ్ళు

మూత 16వ రోజు

నిన్న పొద్దున లిఫ్టు ఆగాల్సిన చోట ఆగలేదు.

పైన సోలార్ పలకలు తుడిచి దిగుతున్న ముగ్గురు అందులో ఉన్నారు. లిఫ్టు వేగం తగ్గకుండా వచ్చి అడుగున పేర్చిన ఇసుక బస్తాల మీద పడింది. భూమయ్యకు కాలు రెండు చోట్ల విరిగింది. మిగతా ఇద్దరికీ తలలు పగిలి కుట్లు పడ్డాయి. బస్తాలే లేకపోతే ముగ్గురూ దక్కేవాళ్ళు కాదు.

జనం పరిగెత్తుకెళ్ళి లిఫ్టు గది తలుపు తీశారు. ఆపరేటర్ ఓదెలన్న కుర్చీలోనే ఉన్నాడు. కుడిచెయ్యి మీట మీద ఉంది. గడ్డం ఛాతీకి ఆని ఉంది. భుజం పట్టి ఊపితే గానీ కళ్ళు తెరవలేదట.

మా పాత బొగ్గు గని నల్లబావి మీద మూత పడి పదహారు రోజులైంది. వానలు మొదలయ్యేదాకా, అంటే ఇంకో వంద రోజులు, మూడు వేల రెండు వందల మందిమీ మూడు వందల మీటర్ల కింద, మా ముత్తాతలు బొగ్గు తవ్విన గల్లీల్లో ఉండాల్సిందే. ఈ కాలంలో పైన పగటిపూట మనిషి ఎండలో అరగంట నిలిస్తే పడిపోతాడు. పైకీ కిందికీ ఉన్న దారి ఆ ఒక్క లిఫ్టే. దాన్ని నడపడం వచ్చిన వాళ్ళు ఇద్దరు. ఒకరు ఓదెలన్న, ఇంకొకరు జమున.

నా పని పట్టీలు చూడటం. పనికి వెళ్ళే ప్రతి మనిషీ నిద్రపోయేటప్పుడు ఛాతీకి పట్టీ కట్టుకుంటాడు. గుండె కొట్టుకున్న ప్రతిసారీ అది రాసుకుంటుంది. లేచాక పట్టీ తెచ్చి నా గదిలోని యంత్రానికి తగిలిస్తే రెండు అంకెలు వస్తాయి. ఎంతసేపు పడుకున్నాడు, గుండె సగటున నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంది. అవి బాగుంటే చీటీ మీద ‘పనికి తగును’ అని ముద్ర వేస్తాను. ఎనిమిదేళ్ళుగా ఇదే పని.

ఓదెలన్న చీటీ మీద నిన్న కూడా వేశాను. ఎనిమిది గంటల పది నిమిషాల నిద్ర. సగటు అరవై ఎనిమిది.

మూత 17వ రోజు

ఈరోజు విచారణ జరిగింది. మేనేజర్ దామోదర్ సారు నా చీటీని అందరి ముందూ చదివారు.

“ఎనిమిది గంటలు పండుకున్న మనిషి, కుర్చీల కూసున్న గంటకే మళ్ళ పండుకున్నడంటే నేనేమనుకోవాలె ఓదెలూ? ఏం తాగినవు?”

“ఏం తాగలే సారూ. రక్తం తీసి చూసుకోండ్రి.”

“చూసినం. రక్తంల ఏం లేదు. అంటే సోయి లేకుంట పని చేసినవన్నట్టు.”

ఓదెలన్నకు యాభై రెండేళ్ళు. లావుపాటి మెడ, పెద్ద చేతులు. ఇరవై రెండేళ్ళుగా లిఫ్టు నడుపుతున్నాడు. ఆ చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని బడిలో నిలబెట్టిన పిల్లవాడిలా తల వంచుకున్నాడు.

“పండుకున్న సారూ. అబద్ధం ఎందుకు చెప్పాలె? కని ఎందుకు పండుకున్ననో నాకే సమజ్ అయితలేదు.”

భూమయ్య వాళ్ళ అన్న లేచి అరిచాడు. ఓదెలన్నను కుటుంబంతో సహా అయిదో గల్లీకి పంపాలన్నాడు. అయిదో గల్లీ అన్నిటికన్నా కింద ఉంటుంది. ఎప్పుడూ ఉక్క, గోడల నిండా చెమ్మ. రోజంతా నీళ్ళు తోడాలి. మనుషుల ప్రాణాల మీదికి తెచ్చినవాళ్ళకు అదే శిక్ష. దామోదర్ సారు సరేనన్నారు. సామాను సర్దుకోవడానికి వారం గడువిచ్చారు.

నన్నెవరూ ఏమీ అడగలేదు. అంకెలు బాగున్నాయి కాబట్టి నా తప్పు లేదని అందరికీ అనిపించింది. నాకూ అలాగే అనిపించాలి.

మూత 19వ రోజు

ఓదెలన్న భార్య రాజవ్వ వదిన నా గదికి వచ్చింది. తిడుతుందనుకున్నాను. కూర్చుని కాసేపు కొంగుతో మొహం తుడుచుకుంది.

“స్వరూపా, ఒక మాట అడుగుత. గుండె మంచిగ కొట్టుకుంటే మనిషి మంచిగ పండుకున్నట్టేనా?”

“యంత్రం అట్లనే చెప్తది వదినా.”

“మరి గిదేంది? ఆయన గురక పెడుతుంటడు, గల్లీ అంత ఇనవడుతది. ఉన్నట్టుండి ఆగుతది. సప్పుడే ఉండదు. నేను లేసి కూసుంట. సచ్చిపోయిండా ఏంది అని ఆయన మొహం దిక్కే సూస్త. గంతల ఎగిరిపడి, నీళ్ళల్ల మునిగి తేలినోని తీరు ఊపిరి గుంజుకుంటడు. మళ్ళ గురక. పొద్దున అడిగితే ఏం యాదికుండదు. ‘మస్తు పండుకున్న, అయినా ఒళ్ళంత బరువున్నది’ అంటడు. గిది మూడు నాలుగేండ్ల సంది నడుస్తున్నది.”

“ఎవలకన్న చెప్పినవా?”

“గురక సంగతి ఎవలకు చెప్తరే? నవ్వుతరు.”

ఆమె వెళ్ళాక నేను యంత్రం ముందు కూర్చున్నాను. అది ఇచ్చేది సగటు. నూరు కొట్టుకున్నదీ ముప్ఫై ఆరు కొట్టుకున్నదీ కలిపి సగం చేస్తే అరవై ఎనిమిదే వస్తుంది. ఈ సంగతి నాకు కొత్తగా తట్టలేదు. లెక్క బడిలోనే నేర్పారు. ఎనిమిదేళ్ళలో ఒక్కసారి కూడా దాని గురించి ఆలోచించలేదు, అంతే.

ఓదెలన్న పాత పట్టీ తీసి, సగటు లేకుండా ఒక్కో గుండె దెబ్బనూ విడిగా గీయమని యంత్రానికి చెప్పాను. రెండు దెబ్బల మధ్య ఎడం పెరిగితే గీత కిందికి దిగుతుంది, తగ్గితే పైకి లేస్తుంది. ఒక్క గంట నిద్రకు నాలుగు మీటర్ల కాగితం వచ్చింది. గదిలో చోటు చాలక నడవాలో పరిచి, మోకాళ్ళ మీద పాకుతూ చూశాను.

రంపం. నేను చూసింది అచ్చంగా రంపపు పళ్ళు. గీత మెల్లగా దిగుతూ వచ్చి, అడుగున కాసేపు ఆగి, ఒక్కసారిగా నిటారుగా పైకి లేస్తుంది. మళ్ళీ మెల్లగా దిగుతుంది. నలభై నాలుగు, నలభై మూడు, నలభై ఒకటి, ఆ వెంటనే తొంభై ఆరు. ఒక్క గంటలో యాభై ఎనిమిది పళ్ళు లెక్కపెట్టాను. నిమిషానికొకటి చొప్పున.

మంచి నిద్రపోయే మనిషి గీత ఎలా ఉంటుందో తెలియక నా పట్టీ కూడా గీసి పక్కన పెట్టాను. దానిలో చిన్న చిన్న అలలే తప్ప పళ్ళు లేవు.

మూత 20వ రోజు

మధ్యాహ్నం ఓదెలన్న వాళ్ళింటికి వెళ్ళాను. సామాను సగం మూటలు కట్టి ఉంది. అన్నం తిన్నాక పడుకోమన్నాను.

“నువ్వు సూస్తుంటే నాకు నిద్రెట్ల వస్తది చెల్లె?” అన్నాడు. తల దిండుకు ఆనిన మూడు నిమిషాలకే గురక మొదలైంది.

పట్టీ తీగను చేతి యంత్రానికి తగిలించి గీత చూస్తున్నాను. రాజవ్వ వదిన వేలు ఆయన ముక్కు కింద పెట్టి కూర్చుంది.

గురక ఆగింది.

“ఊపిరి లేదు,” అంది వదిన.

గీత దిగడం మొదలైంది. నేను లెక్కపెట్టాను. పది. ఇరవై. ఆయన ఛాతీ లేస్తోంది, పడుతోంది. ఊపిరి తీయాలని ఒళ్ళు గుంజుకుంటోంది. గొంతు దగ్గర ఎవరో పిడికిలితో మూసినట్టు గాలి మాత్రం రావడం లేదు. ముప్ఫై. పెదవుల రంగు మారింది. గుండె నలభై రెండుకు పడింది.

“లేపుదాం స్వరూపా.”

“ఒక్క క్షణం ఆగు వదినా.”

నలభై లెక్కపెట్టాను. నలభై ఆరు దగ్గర ఆయన ఒక్కసారి ఎగిరిపడి గాలి పీల్చాడు. అదే క్షణంలో గీత నిటారుగా లేచింది. తొంభై ఎనిమిది. కళ్ళు తెరవకుండానే పక్కకు ఒత్తిగిలి మళ్ళీ గురక పెట్టాడు.

అర్ధగంటలో ఇరవై ఏడు సార్లు చూశాను. ఊపిరి ఆగిన ప్రతిసారీ గీతలో ఒక పన్ను. ఒక్కటి కూడా తప్పలేదు.

మూత 21వ రోజు

మా దగ్గర డాక్టరు లేరు. నదికి అవతలి బావిలో ఉండే డాక్టర్ నుస్రత్ గారితో వారానికి రెండుసార్లు తీగ మీద మాట్లాడొచ్చు. ఈరోజు నా వంతు కోసం ఇద్దరిని బతిమాలి ముందుకు జరిగాను.

ఆమె నేను చెప్పిందంతా విన్నారు. చివరకు అన్నారు. “ఇది స్లీప్ ఆప్నియా స్వరూపా. నిద్రలో గొంతు కండరాలు వదులై దారి మూసుకుపోతది. గాలి అందక గుండె నెమ్మదిస్తది. మెదడు భయపడి మనిషిని లేపుతది. ఆయనకు తెల్వకుండనే లేస్తడు, మూడు నాలుగు సెకన్లు. అట్ల గంటకు యాభై సార్లు లేస్తే అది నిద్రనా? ఎనిమిది గంటలు మంచం మీద ఉన్నడు, అంతే.”

“అంటే కుర్చీల పండుకున్నది ఆయన తప్పు కాదా?”

“కాదు. ఇన్ని రోజులు పండుకోకుండ ఎట్ల నడిపిండో అదే ఆశ్చర్యం.”

తర్వాత ఇంకో సంగతి నేర్పారు. ఊపిరి తీసినప్పుడు, వదిలినప్పుడు పట్టీలో గుండె దెబ్బ ఎత్తు కూడా కొద్దిగా మారుతుందట. ఎత్తులు వరసగా ఊగుతుంటే మనిషి మామూలుగా ఊపిరి తీస్తున్నట్టు. ఆ ఊగు చెదిరి, దాని వెంటే రంపపు పన్ను కనబడితే నమ్మకంగా చెప్పొచ్చు. మనిషి పక్కన కూర్చునే పని లేదు.

తీగ తెగే ముందు అడిగారు. “మీ రెండో ఆపరేటర్‌ది చూసినవా?”

“జమునదా? ఆమె సన్నగ పుల్లలెక్క ఉంటది డాక్టరమ్మా. గురక కూడ పెట్టదు.”

“చూడు,” అన్నారు. తీగ తెగింది.

మూత 22వ రోజు

చూశాను. గంటకు ముప్ఫై నాలుగు.

నమ్మలేక వారం రోజుల పట్టీలు గీశాను. ఎత్తుల ఊగు కూడా కొలిచాను. పళ్ళు ఓదెలన్నవాటి కన్నా చిన్నవి. కానీ ఏ రోజూ లేకుండా పోలేదు. మూత పడి ఇరవై రెండు రోజులు. ఓదెలన్నను తీసేసినప్పటినుంచి ఆమె రెండు షిఫ్టులూ ఒక్కతే చేస్తోంది.

మూత 23వ రోజు

కాగితాలు చుట్టుకుని దామోదర్ సారు దగ్గరికి వెళ్ళాను. బల్ల మీద పరిచి చూపించాను. ఆయన తెలివైన మనిషి. రెండోసారి చెప్పాల్సిన అవసరం రాలేదు.

“అంటే ఓదెలు మీద నేను చెప్పిన తీర్పు తప్పంటవు.”

“తప్పే సారూ. నా ముద్ర ముందు తప్పు. దాన్ని చూసి మీరు తీర్పు చెప్పిండ్రు.”

“ఆ మాట రాసిస్తవా? రాసిస్తే ఈ పని నీకు ఉండదు.”

“రాసిస్త.”

ఆయన కళ్ళజోడు తీసి చాలాసేపు తుడిచారు. “ఓదెలు అయిదో గల్లీకి పోవుడు ఆపుత. కని జమున సంగతి ఇప్పుడు ఎత్తకు. గాలిలకెల్లి నీళ్ళు పట్టే యంత్రాలు పైన మూడుంటే రెండు ఆగినయి. తొట్లల్ల నీళ్ళు తొమ్మిది రోజులకున్నయి. ఎల్లుండి పొద్దుగూకినంక పదకొండు మంది పైకి పోయి వాటిని బాగు చెయ్యాలె. లిఫ్టు ఎవలు నడుపుతరు? నువ్వు నడుపుతవా?”

కాగితాలు చుట్టుకుని బయటికి వచ్చాను.

మూత 24వ రోజు

జమునకు నేనే చెప్పాను. సారు వద్దన్నారు, అయినా చెప్పాను.

ఆమెకు ముప్ఫై ఆరేళ్ళు. చిన్న గడ్డం, సన్నని మెడ. లిఫ్టు గదిలో కూర్చున్న మొదటి ఆడమనిషి. ఆ కుర్చీ కోసం అయిదేళ్ళు గ్రీజు పూసే పని చేసింది.

“నేను గురకనే పెట్టను అక్కా.”

“అందరికీ గురక రాదట.”

“నీ కాగితం మీద గీతలు చూసి నేను కుర్చీ ఇడిసిపెట్టాల్నా? ఓదెలన్న పండుకున్నడు. నేను పండుకోలే. ఒక్కనాడన్న పండుకున్ననా? ఎవలనన్న అడుగు.”

“పగటిపూట బరువుగ ఉండదా? చెప్పు జమునా, తల నొస్తలేదా?”

ఆమె నుదురు రుద్దుకుంది. తర్వాత చాలా మెల్లగా అంది. “రెండు షిఫ్టులు చేస్తున్న. ఎవలకు నొయ్యది?” మళ్ళీ గొంతు పెంచింది. “ఆడిదాన్ని కుర్చీల కూసోపెడితే గిట్లనే అయితదని అనుటానికి సగం బావి ఎదురుచూస్తున్నది. నువ్వే వాళ్ళకు మాట అందిస్తవా?”

తలుపు వేసేసింది.

మూత 25వ రోజు

ఇది జరిగి మూడు గంటలైంది. మరిచిపోకముందే రాయాలి.

నన్నూ జమున పక్కన ఉండనివ్వమని సాయంత్రం దామోదర్ సారు కాళ్ళా వేళ్ళా పడ్డాను. చివరకు “లిఫ్టు గదిల కూసో. నోరు తెరవకు,” అన్నారు. జమున నన్ను చూసి మొహం తిప్పుకుంది. పట్టీ కట్టుకోమంటే, “కట్టుకుంట. రేపు ఆ గీతలు చూపెట్టి నువ్వే అందరి ముందట తప్పైందని చెప్పాలె,” అని కట్టుకుంది.

సూర్యుడు దిగాక పదకొండు మందీ ఎక్కారు. లిఫ్టు పైకి నున్నగా వెళ్ళింది. జమున చేతిలో అది వెన్నలా కదిలింది. దామోదర్ సారు నా వైపు ఒక చూపు చూసి, కింద లిఫ్టు దిగే చోటికి వెళ్ళిపోయారు.

తర్వాత ఎదురుచూడటం. అదే కష్టం. లిఫ్టు గదిలో మోటారు సన్నగా మూలుగుతుంటుంది. వెచ్చగా ఉంటుంది. గంటన్నర గడిచింది. ఆమె గుండె డెబ్బై నాలుగు నుంచి మెల్లగా అరవై ఆరుకు వచ్చింది. మధ్యలో రెండుసార్లు లేచి మొహం కడుక్కుంది.

పైనుంచి గంట మూడుసార్లు మోగింది. పని అయిపోయింది, దింపమని.

జమున మీట లాగింది. లిఫ్టు ఎత్తు చూపే ముల్లు కదిలింది. మూడు వందలు, రెండు వందల ఎనభై, రెండు వందల యాభై. నేను గీత చూస్తున్నాను. అరవై మూడు. అరవై. కళ్ళు తెరిచే ఉన్నాయి. నేరుగా ముల్లు వైపే చూస్తోంది. రెండు వందలు. యాభై ఎనిమిది. నూట యాభై.

“జమునా,” అన్నాను.

పలకలేదు. కోపంతో పలకడం లేదనుకున్నాను.

అడుగు నూరు మీటర్లలోకి రాగానే గది గోడ మీది గంట మోగుతుంది. ఆపరేటర్ మీట పక్కన గుండీ నొక్కి జవాబివ్వాలి, వేగం తగ్గించడం మొదలుపెట్టాలి. గంట మోగింది. చెవులు చిల్లులు పడేలా మోగింది. ఆమె చెయ్యి కదల్లేదు. కళ్ళు అలాగే తెరిచి ఉన్నాయి. గీత మీద యాభై ఆరు.

తొంభై. ఎనభై అయిదు.

“జమునా!”

ఎర్ర పిడి నా ఎడమ పక్కన ఉంది. దాన్ని లాగితే ఉక్కు దవడలు తాడును కరిచి పట్టుకుంటాయి. పొరపాటున లాగితే ఆ కుదుపుకు లోపలివాళ్ళ ఎముకలు విరగవచ్చు. ఆమె మేల్కొనే ఉండి, నామీద పంతంతో మాట్లాడకుండా ఉంటే? ఆ ఒక్క ఆలోచనకు ఎంత సమయం పట్టిందో తెలియదు. ముల్లు డెబ్బై అయిదు దాటింది.

లాగాను.

గది మొత్తం అదిరింది. జమున కుర్చీలోంచి ముందుకు తూలి, గబుక్కున నా వైపు తిరిగింది.

“ఏం చేసినవ్! పిచ్చి పట్టిందా నీకు? నేను మేల్కొనే ఉన్న గద!”

దామోదర్ సారు పరిగెత్తుకు వచ్చారు. లిఫ్టు అడుగుకు డెబ్బై మీటర్ల పైన వేలాడుతోంది. లోపలినుంచి అరుపులు వినిపిస్తున్నాయి.

“సారూ, నూరు మీటర్ల గంట కూడ మోగలేదు, అప్పుడే పిడి గుంజింది!” అంది జమున. “నన్ను దొంగను చెయ్యాలని గుంజింది!”

సారు ఆమె వంక వింతగా చూశారు.

“గంట మోగింది జమునా. కింద నాకు ఇనవడ్డది. అందరికి ఇనవడ్డది.”

“మోగలే సారూ.”

“మోగింది బిడ్డా.”

ఆమె నా మొహం చూసింది. తర్వాత ముల్లు చూసింది. తనకు గుర్తున్న చివరి అంకెకూ, ముల్లు చూపిస్తున్న అంకెకూ మధ్య ఉన్న దూరం ఆమెకు అప్పుడు అర్థమైంది. రక్తం దిగిపోయి మొహం బూడిద రంగుకు మారింది. మీట మీది చెయ్యి తీసి, అది తనది కానట్టు చూసుకుంది.

కానీ లోపల పదకొండు మంది ఉన్నారు. ఉక్కు డబ్బా, బయట సొరంగం వేడి. అప్పటికే ఒకాయన స్పృహ తప్పాడని పైనుంచి అరుస్తున్నారు. దవడలను వదిలించడానికి ఇద్దరు కావాలి. ఒకరు చేతిచక్రం అంగుళం అంగుళం తిప్పాలి, ఇంకొకరు మీట పట్టి బరువును ఆపాలి. ఆ పని వచ్చినవాళ్ళు బావిలో ఇద్దరే.

“ఓదెలును పిలువుండ్రి,” అన్నారు దామోదర్ సారు.

ఓదెలన్న లుంగీ మీదే వచ్చాడు. గుమ్మంలో ఆగాడు. “నేను నిద్రపోతే సారూ?”

“నేను నీ మొహమే చూస్తుంట అన్నా,” అంది జమున. “నువ్వు నా మొహం చూడు. కన్ను కదలకుంటె గట్టిగ ఒర్రు.”

ఆయన చక్రం పట్టుకున్నాడు. ఆమె మీట పట్టుకుంది. ఇద్దరి ఛాతీలకూ పట్టీలు కట్టి, రెండు గీతలూ చూస్తూ నేను మధ్యలో కూర్చున్నాను. ఒక్కో మీటరుకూ ఇద్దరూ పైకి అంకె చెప్పాలి.

“అరవై తొమ్మిది,” అన్నాడు ఓదెలన్న.

“అరవై తొమ్మిది,” అంది జమున.

“అరవై ఎనిమిది.”

“అరవై ఎనిమిది.”

ముప్ఫై ఒకటి దగ్గర ఆమె గొంతు ఒక క్షణం ఆలస్యమైంది. ఓదెలన్న పిడికిలితో గోడను గుద్దాడు. “ఉన్న, ఉన్న!” అంది. పదిహేడు దగ్గర ఆయన గీత వంగింది. నేను అరిచాను. జమున కాలితో ఆయన పిక్క మీద తన్నింది. “తన్నుతునే ఉండు బిడ్డా,” అన్నాడు.

డెబ్బై మీటర్లకు యాభై నిమిషాలు పట్టింది. చివరికి లిఫ్టు అడుగు తాకిన చప్పుడు వినిపించింది. చిన్న చప్పుడు, గిన్నె నేలమీద పెట్టినట్టు. పదకొండు మందీ బయటికి వచ్చారు. స్పృహ తప్పినాయన్ను మోసుకొచ్చి నీళ్ళు చల్లితే కళ్ళు తెరిచాడు. ఒకరికి భుజం తొలగింది. అది నేను పిడి లాగిన కుదుపుకు.

జమున గోడకు ఆనుకుని కూర్చుని ఏడ్చింది. నేను దగ్గరికి వెళ్తే చెయ్యి అడ్డం పెట్టింది.

మూత 27వ రోజు

నా తప్పు రాసిచ్చాను. దామోదర్ సారు దాన్ని అందరి ముందూ చదివి, తన తీర్పు కూడా తప్పని తనే చెప్పారు. ఓదెలన్న మూటలు విప్పుకున్నాడు. నా ముద్ర తీసుకున్నారు. ఇకమీదట నా పని పిల్లలతో సహా మూడు వేల రెండు వందల మంది పట్టీలూ సగటు లేకుండా, కంటితో చూడటం. అది శిక్షో పనో ఆయన చెప్పలేదు. నేనూ అడగలేదు.

డాక్టర్ నుస్రత్ తీగ మీద కొలతలు చెప్పారు. వర్క్‌షాపు వాళ్ళు చిన్న ఫ్యానుకు మెత్తటి గొట్టం, దానికి ముక్కు మీద కూర్చునే మాస్కు బిగించారు. గాలిని కొంచెం ఒత్తిడితో లోపలికి పంపి గొంతు మూసుకోకుండా తెరిచి ఉంచుతుంది. మొదటి రెండూ ఓదెలన్నకు, జమునకు. వాళ్ళు బాగుపడేదాకా లిఫ్టు అత్యవసరానికే కదులుతుంది, అదీ ఇద్దరూ కలిసి కూర్చుంటేనే.

జమున నాతో మాట్లాడటం లేదు.

మూత 33వ రోజు

ఈరోజు జమున వచ్చింది. కాగితపు చుట్టల మధ్య నడవాలో కూర్చుని ఉన్నాను.

“నిన్న కల వచ్చింది,” అంది. “మా అవ్వ చింతచిగురు తెంపుతున్నది. గంతే. ఇంకేం లేదు. లేసి ఎక్కెక్కి ఏడ్చిన. ఎన్నేండ్లాయెనో కల వచ్చి.”

నేను చేతిలోని చుట్ట కింద పెట్టాను.

“ఎప్పటి సంది ఉన్నదది నాకు? నీ దగ్గర పాత పట్టీలున్నయి గద.”

ఆమె అడుగుతుందని నాకు తెలుసు. ముందే చూసి పెట్టాను. “ఆరేండ్లు.”

“ఆరేండ్లు.” జమున ఆ మాటే మళ్ళీ అంది. “ఆరేండ్లు నన్ను నేనే తిట్టుకున్న అక్కా. మొద్దుదాన్ని, బద్దకపుదాన్ని, మొగోళ్ళ లెక్క పనిచేసుడు చాతకానిదాన్ని అని. ఇప్పుడు ఎవలను తిట్టాలె?”

“నన్ను తిట్టు.”

“తిట్టిన. వారం దినాలు తిట్టిన.” చెప్పులు విడిచి నా పక్కన కూర్చుంది. “జరుగు. ఎట్ల చూడాలో చూపెట్టు. నీ ఒక్కదానితోని వానలదాకా అయితదా ఇది?”

దిగే గీత ఎలా ఉంటుందో, ఎత్తుల ఊగు ఎక్కడ చెదురుతుందో చూపించాను. నాకన్నా తొందరగా పట్టుకుంది. ముల్లు చూసి మీటరు కొలిచిన కళ్ళు కదా. మధ్యాహ్నానికి ఇద్దరం నూట పది చుట్టలు చూశాం. పళ్ళు కనబడ్డ తొమ్మిది మంది చుట్టలకు ఎర్ర దారం కట్టాం.

తర్వాతి చుట్ట మీద జమున వేలు ఆగింది. పళ్ళు చిన్నవి, దగ్గర దగ్గరగా ఉన్నాయి.

“అక్కా, గిది చూడు. గంటకు ఇరవై పైన. వయసు తొమ్మిది అని ఉన్నది. తప్పు పడ్డదా?”

తప్పు కాదు. ఈ వారం బడి నుంచి పంపిన పట్టీ అది. పేరు నవనీత. పక్కన పంతులుగారు ఒక వరస రాశారు: ‘తరగతిలో రోజూ నిద్రపోతోంది. ఎంత చెప్పినా వినదు. మొండి. నిలబెట్టే ఉంచుతున్నాం.’

“పిల్లలకు కూడ అయితదా?”

“గొంతుల గడ్డలు పెద్దగుంటే అయితదట. డాక్టరమ్మ చెప్పింది. నయమైతదట కూడ.”

జమున ఆ వరసను మళ్ళీ చదివింది.

“ఇప్పుడు కూడ నిలబెట్టే ఉంటరా?”

గోడ గడియారం చూశాను. బడి విడవడానికి ఇంకా నలభై నిమిషాలుంది.

జమున చెప్పులు కూడా వేసుకోలేదు. నేను చుట్ట చంకన పెట్టుకుని ఆమె వెనకే పరిగెత్తాను.